పేరు దాచుకుని బొమ్మలు గీసే తమ్ముడు, ఊళ్ళో గొడవ: మీరు అడిగినదానికి నా జవాబు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళకి కూడా అర్థమయ్యేలా ముందు కుదించి చెప్తాను. మీరుండేది గుంటూరు. మీ పిన్నిగారబ్బాయికి ఇరవై నాలుగేళ్ళు. పగలు ఒక ఫొటో ల్యాబ్‌లో పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాడు. రాత్రిళ్ళు బ్రాడీపేటలో అద్దె గదిలో కూర్చుని టాబ్లెట్ మీద బొమ్మలు గీస్తాడు. రాక్షసులు, కోటలు, కత్తులు, పాములు చుట్టేసిన ఆడవాళ్ళు, నెత్తురు, శృంగారం, అన్నీ కలగలిపి. సొంత పేరు ఎక్కడా పెట్టడు. అయినా ఆ పేజీకి వేలమంది అభిమానులు, కొందరు డబ్బిచ్చి మరీ వేయించుకుంటారు. పోయిన నెల విజయవాడలో ఎవరో ఆ బొమ్మల స్క్రీన్‌షాట్లు తీసి "ఈ సైకో ఎవడో పట్టుకోండి" అని వాట్సాప్ గ్రూపుల్లో వదిలారు. సగంమంది కేసు పెట్టాలంటున్నారు, సగంమంది కళాస్వేచ్ఛ అంటున్నారు. అతనెవరో ఇంట్లో మీ ఒక్కరికే తెలుసు. వాడి మనసు సరిగ్గానే ఉందా, ఇది నేరమా, పేరు బయటపెట్టమని చెప్పాలా, పిన్నికి చెప్పాలా అని అడిగారు.

చివర్లో, మర్చిపోయి గుర్తొచ్చినట్టు, ఇంకో వాక్యం రాశారు. ఒక బొమ్మ కింద ఎవరో అమ్మాయి "ఈ మొహం అచ్చం మా అక్కది" అని కామెంట్ పెట్టిందని. దాని దగ్గరికి తరవాత వస్తాను. నా లెక్కలో మీ అసలు ప్రశ్న అదే.

చెప్పడానికి నేనెవరు అంటారా. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సు మేడ మీద గదిలో ఇరవై ఆరేళ్ళు పుస్తకాలకి ముఖచిత్రాలు వేసి బతికినవాణ్ణి. డిటెక్టివ్ నవలలు నెలకి ఆరేడు వచ్చేవి. ఐవరీ షీట్ మీద పోస్టర్ కలర్, కనురెప్పలకి డబుల్ జీరో బ్రష్. ఒక్కో కవరుకి నూట యాభై రూపాయలు, అదీ రెండు విడతలుగా. మా పబ్లిషర్ ఒకాయన ఉండేవాడు, ఆయన పెట్టే కండిషన్ ఎప్పుడూ ఒకటే. "హంతకుణ్ణి వెయ్యొద్దయ్యా. చెయ్యీ కత్తీ చాలు. అమ్మాయి మాత్రం నిండుగా ఉండాలి, జాకెట్టు భుజం దగ్గర చిరగాలి, కళ్ళు మనకేసి చూడాలి." ఆ పుస్తకాలు స్టేషన్ బుక్‌స్టాల్లో బఠాణీల్లా అమ్ముడుపోయేవి. ఈరోజు మీ తమ్ముణ్ణి సైకో అంటున్నవాళ్ళలో నా వయసువాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళ ఇంటి అటక మీద నా కవర్లు కనీసం పది ఉంటాయి.

మీరు పంపిన అయిదు బొమ్మలూ చూశాను. చెయ్యి మంచిది. ఆ పాము పొలుసుల మీద వెలుతురు వేసిన తీరు చూస్తే నాకు అసూయ కలిగింది. మిగతా సంగతి కాసేపట్లో.

ముందు "సైకో" మాట తేల్చేద్దాం. నెత్తురు గీసినవాడు నెత్తురు చిందిస్తాడన్న లెక్క ఎప్పుడూ నిలబడలేదు. అమెరికాలో ఫ్లోరిడాలో మైక్ డయానా అని ఒక కుర్రాడు ఉండేవాడు. ఇంచుమించు మీ తమ్ముడి వయసే. వందల కాపీలు మాత్రమే వేసి పోస్టులో పంపుకునే చిన్న పత్రిక అతనిది. నిండా హింస, లైంగిక హింస, చూస్తే కడుపులో తిప్పే బొమ్మలు. 1990లో అక్కడ గెయిన్స్‌విల్ అనే ఊళ్ళో అయిదుగురు విద్యార్థులు వరసగా హత్యకి గురయ్యారు. ఆ దర్యాప్తులో ఈ పత్రిక పోలీసుల చేతికి చిక్కింది. ఇలాంటి బొమ్మలు వేసినవాడే చంపి ఉంటాడని అనుమానించి కుర్రాడి రక్తం తీసి పరీక్ష చేయించారు. కాదని తేలింది. హంతకుడు వేరేవాడు. వాడికి బొమ్మల పత్రికతో సంబంధమే లేదు.

అంతటితో వదిలారా అంటే, లేదు. పత్రిక మీదే అశ్లీలం కేసు పెట్టారు. 1994లో జ్యూరీ దోషి అంది. అమెరికాలో గీసిన బొమ్మలకి అశ్లీలం కింద శిక్షపడ్డ మొదటి చిత్రకారుడు అతనే. మూడేళ్ళ ప్రొబేషన్, 3000 డాలర్ల జరిమానా, 1248 గంటల సమాజసేవ, మైనర్లకి దూరంగా ఉండాలి, మానసిక పరీక్ష చేయించుకోవాలి. వీటన్నిటినీ మించింది ఇంకోటుంది. ఇంట్లో, తన కోసం కూడా అలాంటి బొమ్మ గీయకూడదు, గీశాడేమో చూడటానికి పోలీసులు ఎప్పుడైనా రావచ్చు. ఆ బొమ్మలు నాకు నచ్చవు, ఒక్కటి కూడా నచ్చదు. అయినా ఆ ఆఖరి షరతు గురించి మొదటిసారి తెలుసుకున్నప్పుడు నా పెన్సిల్ డబ్బా దాచుకోవాలనిపించింది. ఇంకో సంగతి గమనించండి, అతను పేరు దాచుకోలేదు. దాచుకోనందుకే చేతికి దొరికాడు. మీ తమ్ముడు ఎందుకు దాచుకున్నాడో నన్నడిగితే ఇదే చెప్తాను.

కాబట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలా అన్న మీ ప్రశ్నకి, బొమ్మల్ని బట్టి అయితే అక్కర్లేదు. నిద్రపోతున్నాడా, తింటున్నాడా, నలుగురితో మాట్లాడుతున్నాడా, అవి చూడండి. ఈ గొడవ మొదలయ్యాక గదిలోంచి బయటికి రావట్లేదని రాశారు కదా, దాని గురించి టెన్షన్ పడండి. బొమ్మల గురించి కాదు.

ఇక నేరమా కాదా. నేను లాయర్ని కాదు. కానీ కవర్లు వేసే రోజుల్లో అశ్లీలం సెక్షను నంబరు మా ప్రెస్సులో గోడ మీద రాసి ఉండేది. పాత ఐపీసీలో ఉన్న ఆ 292 ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 294 అయింది, 2024 జులై 1 నుంచి. ఎలక్ట్రానిక్ రూపంలో చూపించడాన్ని కూడా అందులో పేరుపెట్టి చేర్చారు. మొదటిసారి అయితే రెండేళ్ళ దాకా జైలు, 5000 దాకా జరిమానా. ఆన్‌లైన్‌లో పెట్టిన బొమ్మ కాబట్టి ఐటీ చట్టం 67, 67ఏ ముందుకొస్తాయి. 67కి మూడేళ్ళు, బెయిల్ హక్కుగా దొరుకుతుంది. 67ఏ అంటే లైంగిక చర్య స్పష్టంగా ఉన్నవాటికి, అయిదేళ్ళు, పది లక్షల దాకా జరిమానా, బెయిల్ అంత తేలిక కాదు. ఈ సెక్షన్లన్నిటికీ కళ, సాహిత్యం, విజ్ఞానం కోసం అని నిరూపించగలిగితే మినహాయింపు ఉంది. అయితే నిరూపించేది కోర్టులో, అరెస్టు తరవాత. "ఆర్టండీ" అని స్టేషన్లో చెప్తే ఎస్సైగారు ఫైలు మూసేస్తారని అనుకోకండి.

కోర్టులు మాత్రం వీటిని మునుపటిలా చూడట్లేదు. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో 1868లో పుట్టిన హిక్లిన్ పరీక్ష మనకీ కొలత. బలహీనమైన మనసున్నవాడి చేతిలో పడితే చెడిపోతాడా అన్నదే చూసేవారు, అదీ ఏదో ఒక ముక్క తీసి. 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని పక్కనపెట్టింది. మొత్తం బొమ్మ చూడాలి, సందేశం చూడాలి, ఇవాళ్టి సమాజపు కొలతలతో చూడాలి అంది. అంతకుముందే 2008లో చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ బొమ్మల మీద పెట్టిన కేసుల్ని ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. కానీ పాపం ఆయన అప్పటికే దేశం వదిలేశాడు, తిరిగి రాలేదు, 2011లో లండన్‌లో పోయాడు. గెలిచిన కేసు కూడా మనిషిని ఎంత దూరం తరుముతుందో అదొక్కటి చూస్తే చాలు. ఈమధ్యే, 2024 అక్టోబరులో, సూజా, అక్బర్ పదమ్సీ గీసిన ఏడు బొమ్మల్ని కస్టమ్స్‌వాళ్ళు అశ్లీలమని పట్టుకుంటే బాంబే హైకోర్టు వదిలిపెట్టమంది. నగ్నంగా ఉన్న ప్రతి బొమ్మా అశ్లీలం కాదంది.

ఒక్క చోట మాత్రం ఈ వాదాలేవీ పనిచెయ్యవు, పనిచెయ్యకూడదు కూడా. బొమ్మలో ఉన్నది చిన్నపిల్ల అయినా, చిన్నపిల్లలా కనిపించినా అంతే. పోక్సో చట్టానికి 2019లో చేసిన సవరణలో "చిన్నపిల్లలా కనిపించేలా తయారుచేసిన" బొమ్మ కూడా నిర్వచనంలోకి వచ్చింది. "ఆవిడ వనదేవతండీ, వయసు మూడొందల ఏళ్ళు" అని ఈ ఫాంటసీ గీసేవాళ్ళు ఒక సాకు చెప్తారు. నాకు వినపడదు. మీ తమ్ముడి బొమ్మల్లో అలాంటిది ఒక్కటి ఉన్నా నా జవాబు ఇక్కడితో ఆపేసి లాయర్ని చూసుకోమంటాను. మీరు పంపినవాటిలో లేదు. పంపనివాటిని మీరే చూడండి.

కళాస్వేచ్ఛ అంటున్నవాళ్ళు మన పాత ఉదాహరణలన్నీ తెచ్చిపడేస్తారు. తేవాల్సినవే. దసరాకి ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి మహిషాసురమర్దని అలంకారం చూడటానికి పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని వెళ్తాం, శూలం రొమ్ములో దిగిన రాక్షసుణ్ణి చూపిస్తాం. ఛిన్నమస్త రూపం అయితే కాముడూ రతీ కలిసి ఉన్న చోట వాళ్ళ మీద నిలబడి, తన తల తానే తెగ్గొట్టి చేత పట్టుకున్న దేవత. నెత్తురు ధారలు, రతి, చావు ఒకే చట్రంలో. కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యం రాధికాసాంత్వనాన్ని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో వేయిస్తే మరుసటి ఏడాదే సర్కారు పట్టుకుంది, 1947లో గానీ నిషేధం తొలగలేదు. వీరేశలింగంగారంతటివారికి ఆ కావ్యం మింగుడుపడలేదు.

కానీ ఆ పద్యాలు తెచ్చి మీ తమ్ముడి బొమ్మలకి గొడుగు పట్టేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ముద్దుపళని మీద గొడవ ఎందుకంటే, అక్కడ కోరుకునేది ఆడది. అడిగేది ఆవిడ, అలిగేది ఆవిడ. అమ్మవారి బొమ్మలో కత్తి ఆవిడ చేతిలో ఉంది. మీరు పంపిన అయిదింటిలో ఒకటి, పాము నోట్లో ఈటె దిగేసి, తన పళ్ళ మీద కూడా నెత్తురంటుకుని నవ్వుతున్న ఆడమనిషి. అది గొప్ప బొమ్మ. దానికోసం నేను ఎవరితోనైనా వాదిస్తాను. ఇంకోటి కోటగోడకి గొలుసులతో కట్టేసిన అమ్మాయి, మీద పడే నీడ, నీడలో ఒక చెయ్యి. కళ్ళు మనకేసి. అది చూసి నేను గతుక్కుమన్నాను, ఎందుకంటే అది నా కవరు. నలభై ఏళ్ళ నాటి నా కవరే, రంగులు మారాయంతే. హంతకుణ్ణి వెయ్యొద్దని మా పబ్లిషర్ ఎందుకనేవాడో నాకు చాలా ఏళ్ళకి గానీ వెలగలేదు. హంతకుడి చోటు ఖాళీగా ఉంచితే అక్కడ పాఠకుడు నిలబడతాడు. అమ్మాయి భయపడుతూ చూసేది వాణ్ణే. ఎనిమిది రూపాయలకి ఆ చోటు అమ్మేవాళ్ళం.

ఇది నేరమని నేను అనట్లేదు. చట్టం చూసే విషయం ఇది కానే కాదు. కానీ ఇలాంటి బొమ్మ గురించి మాట్లాడేటప్పుడు ఎంత నెత్తురుంది, ఎంత బట్ట ఉంది అని కొలిచేవాళ్ళని చూస్తే నాకు విసుగు. చూసేవాణ్ణి ఎక్కడ నిలబెట్టావు అని అడగాలి. 2023లో పారిస్‌లో పాలే ద టోక్యో మ్యూజియంలో మిరియం కాన్ అనే ఆవిడ వేసిన ఒక పెయింటింగ్ మీద ఇలాంటి గొడవే జరిగింది. చేతులు కట్టేసిన మనిషి మీద ఒక భారీ ఆకారం చేస్తున్న లైంగిక హింస అది. ఉక్రెయిన్‌లో బుచా ఊళ్ళో జరిగిన ఘోరాల గురించి వేశానని ఆవిడ చెప్పింది. అందులో ఉన్నది పిల్లవాడని కొన్ని సంఘాలు కోర్టుకెళ్ళాయి. అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం తీసెయ్యక్కర్లేదంది. తరవాత ఒకాయన వచ్చి దాని మీద రంగు పోసి వెళ్ళాడు. నేను ఆ బొమ్మని ఫొటోలోనే చూశాను. అందులో ఆ భారీ ఆకారం స్పష్టంగా కనిపిస్తుంది, దాని చోట నిలబడమని ఎవర్నీ పిలవదు. పక్కనే నిలబడి సిగ్గుపడే చోట మనల్ని నిలబెడుతుంది. ఇంకో సంగతి, మ్యూజియంవాళ్ళు ముందే హెచ్చరిక బోర్డు పెట్టారు, మనుషుల్ని కాపలా ఉంచారు. మీ తమ్ముడు తన పేజీకి కనీసం పెద్దలకు మాత్రమే అన్న తాళం వేశాడా? వెయ్యకపోతే ఇవాళే వెయ్యమనండి. పదమూడేళ్ళ పిల్లవాడి ఫోన్లో ఆ గొలుసుల బొమ్మ ప్రత్యక్షమైతే నేను కూడా అవతలి వర్గంలో చేరతాను.

పేరు సంగతి. పేరు దాచుకోవడం నేరం కాదు, తప్పూ కాదు. మన కాపీరైటు చట్టంలోనే పేరు లేని రచనకి హక్కు ఉంది, ప్రచురించిన దగ్గర్నుంచి అరవై ఏళ్ళు. అందుకని బయటపెట్టమని మీరు ఒత్తిడి చెయ్యకండి. ఈ వేడిలో పేరు బయటికొస్తే గొడవ బొమ్మల మీద నుంచి మీ పిన్ని ఇంటి గుమ్మం మీదకి వస్తుంది. అయితే దాక్కున్నానన్న ధైర్యం కూడా వద్దు. బొమ్మలకి డబ్బు యూపీఐలో తీసుకుంటున్నాడని రాశారు. పేజీకి పేరు లేకపోవచ్చు, బ్యాంకు ఖాతాకి ఉంటుంది, సిమ్ కార్డుకి ఉంటుంది. కేసు నమోదైతే రెండు ఉత్తరాలు రాస్తే వచ్చే వివరాలు అవి. పేరు లేనివాడి దగ్గర నాకు నచ్చనిది ఒక్కటే, బొమ్మ వల్ల నొచ్చుకున్న మనిషికి వెళ్ళి అడగడానికి గుమ్మం ఉండదు. నా కవర్ల వెనక ప్రెస్సు అడ్రసు ఉండేది. ఆ అడ్రసు పట్టుకునే ఒకావిడ వచ్చింది.

అది 1986 వేసవి. నాకు మొహాలకి రిఫరెన్సు కావాల్సి వచ్చేది. సినిమా పత్రికల్లో హీరోయిన్లని వాడితే గుర్తుపట్టేస్తారు. నాకో ఫొటో స్టూడియో స్నేహితుడు ఉండేవాడు, మిగిలిపోయిన ప్రింట్లు ఇచ్చేవాడు. పెళ్ళిచూపుల ఫొటోలు, పాస్‌పోర్టు ఫొటోలు. నేను ముక్కు మార్చేవాణ్ణి, గడ్డం మార్చేవాణ్ణి, ఎవరికీ తెలియదనుకునేవాణ్ణి. ఒక మధ్యాహ్నం ప్రెస్సు మెట్లెక్కి ఒకావిడ వచ్చింది, ముప్పై ఏళ్ళుంటాయి, చేతిలో మా నవల. పక్కన ఎవరూ లేరు. అరవలేదు. కూర్చోమంటే కూర్చోలేదు. కవరు నా బల్ల మీద పెట్టి, మొహం మీద వేలు పెట్టలేదు, చెవి మీద పెట్టింది. "మొహం నాది కాదంటారు, సరే. ఈ దుద్దులు మా అమ్మమ్మవి. ఏడురాళ్ళవి. కింద రాయి ఒకటి ఊడిపోయింది. అది కూడా వేశారు."

నేను వంగి చూశాను. ఆరు రాళ్ళు మెరుస్తున్నాయి, ఏడోచోట చిన్న నల్ల చుక్క. నా డబుల్ జీరో బ్రష్షే. ఆ నల్ల చుక్క పెట్టినప్పుడు ఎంత సరిగ్గా వచ్చిందని మురిసిపోయానో కూడా గుర్తొచ్చింది. చెవి కింద జాకెట్టు చిరిగి ఉంది, గొంతు దగ్గర కత్తి.

ఆవిడ అత్తగారింట్లో ఆ దుద్దుల్ని చూసే గుర్తుపట్టారట. "మీరు ఊహించి వేశారని మా ఇంట్లో ఎవరు నమ్ముతారు?" అని అడిగింది. నేను క్షమించమన్నాను. ఆవిడ దానికి జవాబు చెప్పలేదు. కవరు అక్కడే వదిలేసి వెళ్ళింది. మూడు వేల కాపీలు అప్పటికే ఊళ్ళకి పోయాయి. రెండో ముద్రణకి బొమ్మ మార్చాం, ఆ మార్చిన బొమ్మకి పబ్లిషర్ డబ్బులివ్వలేదు, నేను అడగలేదు. మొదటి మూడు వేలల్లో కొన్ని ఇప్పటికీ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపుల్లో కనిపిస్తాయి. కనిపిస్తే కొంటాను. పదకొండు కొన్నాను.

ఇప్పుడు మీ చివరి వాక్యానికి వస్తాను. మీ తమ్ముడు పగలు చేసే పని పెళ్ళి ఆల్బమ్‌లు. అతని ముందున్న హార్డ్ డిస్కులో వందల పెళ్ళికూతుళ్ళ మొహాలున్నాయి, మంచి లైటింగులో, అన్ని కోణాల్లో. గీసేవాడికి అంతకంటే పెద్ద ఆశ ఉండదు, నాకు తెలుసు. "ఈ మొహం మా అక్కది" అన్న కామెంటు పొరపాటే కావచ్చు, జడా బొట్టూ ఉన్న మొహాలు గీతల్లో ఒకేలా పడతాయి. కానీ అది నిజమైతే ఇప్పటిదాకా నేను చెప్పిన కళ, మినహాయింపు, ఛిన్నమస్త, హైకోర్టు, ఏవీ అతనికి పనికిరావు. అది ఊహాచిత్రం కాదు, ఒక మనిషి మీద చేసిన పని. పరువునష్టం ఉంది, స్త్రీ గౌరవానికి భంగం కలిగించడమన్న 79 సెక్షను ఉంది, నమ్మి ఫొటోలిచ్చిన కస్టమరు ఉన్నారు, ఉద్యోగం ఇచ్చిన ల్యాబ్ ఉంది. ఇవన్నీ లేకపోయినా ఆ అక్క ఉంది.

పిన్నికి ఇప్పుడే చెప్పకండి. ముందు మీరు బ్రాడీపేట వెళ్ళి అతని పక్కన కూర్చోండి. స్క్రీన్‌షాట్లు పెట్టినవాళ్ళతో వాదించొద్దనండి, కొత్త బొమ్మ పెట్టొద్దనండి, గాబరాలో పేజీ మొత్తం చెరిపెయ్యొద్దనండి. తరవాత గొలుసుల బొమ్మ ఫైలు తెరవమనండి. ఈ డిజిటల్ బొమ్మల్లో లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన పొరలు, ఉంటాయి కదా. అన్నిటికంటే కింది లేయరు చూపించమనండి. అక్కడ ఫొటో ఉందా, ఖాళీ కాగితమా? ఫొటో ఉంటే ఆ బొమ్మ ఆ గంటే తీసెయ్యాలి, కొనుక్కున్నవాళ్ళకి డబ్బు వెనక్కిచ్చి వాళ్ళ దగ్గర కూడా తీయించాలి, ఆ కామెంటు పెట్టిన అమ్మాయికి కళ గురించి ఒక్క ముక్క లేకుండా రెండు వాక్యాల్లో నిజం చెప్పాలి. ఎలా చెప్పాలో, ఏ మాట కోర్టులో ఎలా వినిపిస్తుందో లాయర్ని కూర్చోబెట్టుకుని రాయండి. ఖాళీ కాగితమైతే పని చాలా తేలిక.

ఆ లేయరులో ఏముందో చూసి నాకు రాయండి.